రోజూ పొద్దున ఏడ్చే మిషను

మొదటి వారంలోనే ఆ మిషను నామీద పగబట్టింది. లేకపోతే సాయంత్రం చక్కగా నవ్వుతూ పనిచేసినది పొద్దున్నే ఏడుపు ఎత్తుకోవడమేమిటి?

1989లో, దసరాకు కొద్దిరోజుల ముందు మాట. వరంగల్ స్టేషన్ రోడ్డులో పాండురంగం సేటుకు జంపఖానాలు, దుప్పట్ల టోకు దుకాణం ఉండేది. కింద కౌంటరు, పైన గోదాం. గిరాకీ వచ్చి నీలం గళ్ళ దుప్పటి అడిగితే గుమాస్తా గుండయ్య మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి, వెతికి, ఎన్ని ఉన్నాయో పైనుంచే అరిచేవాడు. ఆ అరుపులు వినలేక సేటుకు కంప్యూటరు మీద మనసు పుట్టింది. సుబేదారిలో కంప్యూటర్ సెంటరు నడిపే మా రాజేశ్వర్ రావు సార్ ఆ పని ఒప్పుకుని నన్ను పంపాడు.

చెప్పడానికి తేలిక పనే. గోదాంలో యునిక్స్ నడిచే పెద్ద మిషను, కింద కౌంటరు మీద ఒక తెర, ఒక కీబోర్డు. మధ్యలో మెట్ల గోడ వెంబడి వైరు. కింద అడిగితే పైది వెతికి జవాబు చెబుతుంది. మూడు రోజుల్లో వైరు లాగాను, సరుకు వివరాలన్నీ ఎక్కించాను, గుండయ్యకు ఒక్క వేలితో టైపు కొట్టడం కూడా నేర్పాను. సాయంత్రం ఆరింటికి అంతా బ్రహ్మాండంగా ఉంది.

మర్నాడు వెళ్ళి చూద్దును కదా, తెర నిండా తప్పులే! ఫైళ్ళన్నీ చెదిరిపోయి ఉన్నాయి. బాగుచేసేసరికి మధ్యాహ్నమైంది. ఆ మర్నాడూ అంతే. ఆ పై రోజూ అంతే. సార్‌కు ఓపిక అయిపోయింది.

"శనివారం పొద్దున నేనే వస్త సరోజనా. దుకాణం తెరవంగనే మిషను పనిచెయ్యాలె. లేకుంటే హైదరాబాదు నుంచి మనిషిని పిలిపిస్త. నీ పోస్టు కూడ ఆయనకే పోతది" అన్నాడు.

మా నాయన మగ్గం నేసే మనిషి. బిడ్డకు కంప్యూటరు ఉద్యోగమని ఆయన కంటే ఎక్కువ నేనే మా వాడకట్టంతా చెప్పుకు తిరిగాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఇంటికి పోవాలి? వైరు మార్చాను. ఎలుకలను అనుమానించాను. చివరికి పాపం గుండయ్యను కూడా గద్దించాను.

శుక్రవారం మధ్యాహ్నం దుకాణం మెట్ల మీద టిఫిన్ డబ్బా తెరుచుకుని కూర్చున్నాను. పక్కనే పూలమ్మే సమ్మమ్మ నన్ను చూసి, "మొకం గట్ల ఏలాడేసినవేంది బిడ్డా?" అంది.

"మిషను సతాయిస్తాంది అవ్వా."

"గా పైన ఒర్లేదేనా? దుకాణం బంద్ చేసినంక రోజూ కీ కీ అని ఒకటే ఏడుపు. పావుగంటకు ఊకుంటది. పిల్లి పిల్ల ఇరుకున్నదేమో అనుకున్న."

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. అది పిల్లి కాదు, మిషను పక్కనుండే బ్యాటరీ డబ్బా! కరెంటు పోతే అలా కీచుమంటూ పావుగంట మిషనును నిలబెడుతుంది, తర్వాత చేతులెత్తేస్తుంది. పని మధ్యలో అలా ఆగిపోతే ఫైళ్ళన్నీ చెదిరిపోతాయి. పగలు కరెంటు పోతే నేను పరుగెత్తి మిషనును పద్ధతిగా ఆపుతాను. కానీ రోజూ సరిగ్గా దుకాణం మూశాకే కరెంటు ఎందుకు పోతుంది?

డబ్బా అక్కడే వదిలేసి లోపలికి ఉరికాను. "సేటూ, దుకాణం బంద్ చేసేటప్పుడు ఏమేం చేస్తరు?"

"ఏం చేస్త? గల్లాకు మొక్కుత, దీపం కొండెక్కిస్త, ఫ్యూజు పీకి జేబుల ఏసుకొని ఇంటికి పోత."

నాకు ఒళ్ళు మండిపోయింది. "అయితే నా ప్రాణం తీస్తున్నది మీరా! ఫ్యూజు ఎవరన్న ఇంటికి తీసుకపోతరా?"

"మా నాయన దుకాణం వైరు అంటుకొని కాలిపోయింది బిడ్డా. ముప్పై ఏండ్ల సంది ఫ్యూజు నా జేబుల లేకుంటే నాకు నిద్ర పట్టది. నీ మిషను కోసం గా అలవాటు మాత్రం ఇడువ."

ఆయన చెయ్యి జేబు మీదికి పోయింది. అరవబోయి ఆగాను. తప్పు నాదీ ఉంది. యునిక్స్ మిషనును రాత్రిళ్ళు ఆపొద్దని సార్ చెప్పిన పాఠం పట్టుకుని నడుస్తుండగానే వదిలి వెళ్ళాను కానీ, ఇక్కడ దుకాణం ఎలా మూస్తారని ఒక్కనాడైనా అడిగానా?

"సరే సేటూ, ఫ్యూజు పీకుండ్రి. కని దీపాన్ని ఎన్నడన్న నోటితో ఊదిండ్రా?"

"ఛీ ఛీ! పువ్వుతోని కొండెక్కించాలె గని ఊదుతమా?"

"మిషనును గూడ గట్లనే కొండెక్కించాలె. మీరేమో రోజూ ఉఫ్‌మని ఊదుతాన్రు."

సేటు చెప్పులు విప్పి మెట్లెక్కాడు. "జర నేర్పు" అన్నాడు.

పైన మిషనుకున్న కీబోర్డు మీద దాన్ని ఆపే మాటను ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టాడు. ఇక కరెంటు తీయవచ్చని, ఏ మీట నొక్కినా మళ్ళీ లేస్తుందని తెర మీద పడింది. సేటు భక్తిగా కీబోర్డును రెండు చేతులా తాకి కళ్ళకు అద్దుకున్నాడు. మిషను గుర్రుమని లేచి కూర్చుంది!

"అయ్యో, ముట్టొద్దు సేటూ! దూరం నుంచి దండం పెట్టుండ్రి!"

గుండయ్య కడుపు పట్టుకుని నవ్వాడు. సేటుతో ఇంకో మూడుసార్లు చేయించి, ఆఖరున బ్యాటరీ డబ్బా స్విచ్చి ఆపడం కూడా చూపించి బస్సెక్కాను. ఆయన చెయ్యి మళ్ళీ మీట మీద పడుతుందేమోనని ఇంటిదాకా ఒకటే భయం.

శనివారం నేను వెళ్ళేసరికి సార్ స్కూటరు దుకాణం ముందే ఉంది. మాల కడుతున్న సమ్మమ్మ తలెత్తింది.

"రాత్రి ఏడ్వలే బిడ్డా. సప్పుడే లేదు."

సేటు జేబులోంచి ఫ్యూజు తీసి పెట్టాడు. పైన నేను డబ్బా స్విచ్చి వేయగానే మిషను లేచింది. కింద తెర మీద పచ్చటి అక్షరాలు, ఒక్క తప్పు లేదు. గుండయ్య నీలం గళ్ళ దుప్పటి అడిగాడు. మూడో బీరువా, రెండో అర, పద్నాలుగు అని వచ్చింది. సార్ తలూపాడు. గుండయ్యకు మాత్రం నమ్మకం కుదరక మెట్లెక్కి, పాత అలవాటు ప్రకారం పైనుంచి అరిచాడు.

"పదమూడే ఉన్నయ్!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. సార్ నావైపు తిరిగాడు.

"ఒకటి నిన్న నేనే ఇంటికి తీసుకపోయిన. మిషనుకు చెప్పుడు మర్శిన" అన్నాడు సేటు తల గోక్కుంటూ.

సార్ నవ్వేశాడు. "ఇగ హైదరాబాదు మనిషి..." అని ఏదో అనబోయాడు. సేటు మాట పూర్తి కానివ్వలేదు.

"ఆయన ఎందుకు సార్? మాపటికి దాన్ని కొండెక్కించేది నేను, పొద్దుగాల లేపేది ఈ బిడ్డ. ఇంకో మనిషి చెయ్యి పడొద్దు" అన్నాడు.

వారం రోజులు మిషను ఏడ్చినా కంట తడి పెట్టని దాన్ని, అప్పుడు కౌంటరు మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.