తొంభై సెకన్లు

"స్విచ్ ఆర్పేదానికి కూడా అంత చదువు కావల్నా, మాదేశ్వరీ?" అన్నాడు మురుగేశన్ బావ, నర్సులందరి ముందూ. ఆయన మా ఆయన కార్తికి అన్న, ధర్మపురిలో మా ప్రైవేటు ఆసుపత్రికి మేనేజరు. కంప్యూటర్లు చూసుకునే ఈ ఉద్యోగం ఆయనే ఇప్పించాడని ఇంట్లో ఎవరో ఒకరు రోజూ గుర్తుచేస్తూనే ఉంటారు.

పొద్దున్నే కరెంటు పోయింది. జనరేటర్ స్టార్ట్ కాలేదు. సర్వర్‌కు బ్యాటరీ నాలుగు నిమిషాలే మిగిలింది. సర్వర్ ఆన్ చేయగానే మొట్టమొదట ఒక ప్రోగ్రాం లేస్తుంది. మిగతావాటిని వరుసగా లేపేది అదే. ఆపమన్నప్పుడు ఒక్కొక్కదాన్నీ చేతిలో పని ముగించుకోమని చెప్పి, అన్నీ ఆగేదాకా కాచుకుని, చివరికి తాను ఆగుతుంది. ఆ కాచుకోవడమే బావకు గిట్టదు. పోయిన నెల ఇలాగే మధ్యలో స్విచ్ నొక్కేశాడు. మళ్లీ ఆన్ చేస్తే మొదటి ప్రోగ్రాం లేచింది గానీ, అది ఎంత లేపినా బ్లడ్ బ్యాంక్ ప్రోగ్రాం లేవలేదు. ఫైళ్లు సగంలో పాడైపోయాయి. రెండు రోజులు కూర్చుని నేనే బాగుచేశాను. "ఆడోళ్ల చేతికిస్తే ఇంతే" అని ఆయన డాక్టర్లతో అన్నాడు. ఆ ఆదివారం ఆయన మా ఇంటికొస్తే నేనే వడ్డించాను.

ఈసారి నేను ఆపమన్నాక అన్నీ ఆగాయి, బ్లడ్ బ్యాంక్ తప్ప. కాన్పు గదిలో ఉన్న సరసు అనే ఆమెకు ఏ రక్తం సరిపోతుందో ఆ ఫలితం అది ఇంకా రాసుకుంటోంది. తొంభై సెకన్లు చూసి, అప్పటికీ ఆగకపోతే మొదటి ప్రోగ్రామే దాన్ని బలవంతంగా ఆపేస్తుంది. తెరమీద అంకెలు పెరుగుతున్నాయి. ఇరవై. ముప్పై.

"ఇంగ చాలు, తప్పుకో" అంటూ బావ స్విచ్ మీదికి చెయ్యి చాచాడు.

ఆ చేతిని పట్టుకున్నాను. మణికట్టు దగ్గర, గట్టిగా. పెళ్లయిన పదకొండేళ్లలో ఆయన ఎదుట కుర్చీలో కూడా కూర్చోలేదు నేను.

"విడు" అన్నాడు పళ్లు బిగించి.

"ఆగేదాకా విడను బావా."

అరవై రెండో సెకనుకు అది ఆగింది. వెంటనే తెర నల్లబడింది. అప్పుడు వదిలాను.

కరెంటు వచ్చాక అన్నీ వరుసగా లేచాయి. సరసు వివరం చెక్కుచెదరలేదు. మధ్యాహ్నానికి ఆమెకు రక్తం ఎక్కించారు.

సాయంత్రం అత్త పచ్చయమ్మాళ్ నేనిచ్చిన కాఫీ ముట్టలేదు. "మొగోడి చెయ్యి పట్టుకునిందంట, నలుగురు చూస్తా ఉండంగ" అని గోడకు చెప్పింది. ఎందుకు పట్టుకున్నావని ఎవరూ అడగలేదు. కార్తి వంటగది గడపలో నిలబడ్డాడు.

"రేపు పోయి, తప్పు నాదేనని అన్నను మన్నించమని అడుగు. లేకుంటే ఆ పనే వద్దు."

చేతులు తుడుచుకుని అతనివైపు తిరిగాను.

"రేపు పోతాను" అన్నాను. "పనికి."