గోడ లేని మూల

గుట్ట మీద మంచు కురుస్తోంది, స్రవంతి పాదాలకు మాత్రం ఆసుపత్రి వరండా గచ్చు చల్లగా తగులుతోంది, ఆ రెండూ ఒకే చోట ఎలా కుదిరాయన్న అనుమానం ఆమెకు రావడం లేదు, ఎందుకంటే ఆమె అనుమానమంతా ఎదురుగా కూర్చున్నవాడి మీదే ఉంది. వాడు అచ్చం తమ్ముడు రంజిత్‌లాగే ఉన్నాడు. రక్తం జబ్బుతో పోయిన వేసవిలో చనిపోయిన రంజిత్, ఇప్పుడు మంత్రగాడి గొంగడి కప్పుకొని, సెలైన్ స్టాండుకు ఈకలు కట్టి దండంలా పట్టుకొని, నెగడు ముందు దర్జాగా కాళ్లు చాపుకొని కూర్చున్నాడు.

"ఏందక్కా గట్ల జూస్తవ్, పరాయోన్ని జూసినట్టు?"

"పరాయోనివో కాదో తేలాలె గదా," అంటుంది స్రవంతి, పిడికిలి విప్పకుండానే.

ఇది ఏడుగుట్టల లోకం, అక్కాతమ్ముళ్లిద్దరూ ఏళ్ల తరబడి కంప్యూటర్లో ఆడిన ఆట. అందులో వాళ్లకొక తెగ ఉంది, ఆమె దానికి పెద్ద, వాడు మంత్రగాడు. పంటలూ పోరులూ పొత్తులూ ఆమె చూసుకుంటే, వాన పిలవడం, రోగాలు తరమడం, చనిపోయిన పెద్దలను రప్పించి మాట్లాడించడం వాడి వంతు. వాటికి కావలసిన మహిమ వాడి గుడిలో పంట పంటకూ పోగవుతుంది. ఆ ఆటలో ఒక కట్టడి ఉంది. పిలిస్తే వచ్చిన పెద్దలు అడిగినదానికి జవాబు చెబుతారు తప్ప తమకోసం ఏదీ కోరరు. కోరారంటే వచ్చింది పెద్దలు కాదు, పగవాళ్లు పంపిన మాయావి. నెగడులోని బూడిద మొహాన కొడితే తోలు కరిగి అసలు రూపం బయటపడుతుంది. స్రవంతి పిడికిట్లో ఉన్నది ఆ బూడిదే. మెలకువలో ఉన్నప్పుడే కూరగాయలు రెండుసార్లు తూకం వేయించే మనిషి, కలలోకి వచ్చినంత మాత్రాన మెత్తబడుతుందా?

"నీ గుడిల మహిమ కారిపోతుంది," అంటుంది. "పంట పంటకు సగం ఏరు దాటి అవతలి తెగకు పోతుంది. నీ పాస్‌వర్డ్ ఎవలకిచ్చినవ్?"

"ఎవ్వలకియ్యలె."

"నీ దోస్తులల్ల ఎవడన్న తీస్తుండా?"

"లేదు."

"మరెవలు పంపుతుండ్రు?"

"నేనే," అంటాడు వాడు, నెగడులోకి పుల్ల ఎగదోస్తూ. "దవాఖానల ఉన్నప్పుడే గట్ల ఏర్పాటు జేసి పెట్టిన. నేను లేకున్నా పోతనే ఉంటది."

దొంగ ఎవడో బయటివాడైతే ఇంత బాధ ఉండేది కాదు, తిట్టుకొని ఊరుకునేది. "నన్నొక్కదాన్ని జేసి పోయినవ్. పోతా పోతా తెగను గూడ పగోనికి పెట్టి పోయినవారా?" అంటుంది, వాడేమో "పగోనికి పెట్టలె" అని మాత్రం అంటాడు.

ఈలోగా వరండా ఎప్పుడు లేచిందో లేచి మెట్లయింది, మెట్లు ఇంకా గోడలు కట్టని ఇంటి స్లాబు మీదికి చేరాయి, ఆ అంచున ఇద్దరూ నిలబడి చూస్తే కింద ఏరు, ఏరవతల ఆ తెగవాళ్ల ఊరు. ఇళ్లన్నీ వరసగా, తూర్పు మొహాన. చుట్టూ రాతిగోడ, దారం పట్టి కట్టినట్టు తిన్నగా ఉంది, కానీ ఈశాన్యం మూల మాత్రం బోసిగా తెరిచి ఉంది. నెలల తరబడి ఆ ఖాళీ ఆమె నిద్ర చెడగొడుతోంది. అంత శ్రద్ధగా గోడ కట్టినవాడు ఒక మూల ఊరికే వదిలేస్తాడా? అదీ సరిగ్గా తన తెగ వైపు మూలని? అది వల అని ఆమెకు గట్టి నమ్మకం. ఎవరు మీరని ఎన్ని కబుర్లు పంపినా అవతలినుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. వల వేసినవాడు పలుకుతాడా మరి? అందుకే నిర్ణయించుకుంది, మంత్రగాడు పోయాక ఆ పనీ తనదే కాబట్టి, లేవగానే తనే వాన పిలుస్తుంది. ఏరు పొంగి, ఆ ఖాళీలోంచే లోపలికి దూరి, ఊరికి ఊరునే ఊడ్చుకుపోతుంది. ఒకసారి మునిగిన తెగ ఆ ఆటలో మళ్లీ లేవదు.

"అక్కా, ఒక్కటి అడుగుత," అంటాడు రంజిత్. "వాన పిలువకు."

అడిగాడు. చనిపోయినవాడు కోరాడు. స్రవంతి ఆలోచించదు, పిడికిలి ఎత్తి బూడిదంతా వాడి మొహాన కొడుతుంది.

తోలు కరగదు. వాడు తుమ్ముతాడు. మోచేతి మడతలో మొహం పెట్టి, వరసపెట్టి తుమ్మి, ఎర్రబడ్డ కళ్లతో కోపంగా చూస్తాడు, చిన్నప్పుడు తండ్రి కనకయ్య మేస్త్రీ పని నుంచి వచ్చి వాకిట్లో చొక్కా దులుపుతుంటే సిమెంటు దుమ్ముకు ఎలా తుమ్మేవాడో అలాగే. ఆ తుమ్ము ఏ మాయావికీ రాదు. స్రవంతి ఏడుస్తుంది, గొంగడి కొసతో వాడి మొహం తుడుస్తూ ఏడుస్తుంది, అయినా అనుమానం పూర్తిగా చావదు.

"మరి పెద్దలు అడుగొద్దు గదరా, కట్టడి తప్పితివి."

"పెద్దలు అడుగరు. తమ్ముడు అడుగుతడు."

"ఆ ఊరు ఎవలదో చెప్పు. అప్పుడు ఆగుత."

"చెప్పనని మాటిచ్చిన. ఇంకేమన్న అడుగు."

ఇంకేం అడగాలి? స్రవంతి మళ్లీ ఊరివైపు చూస్తుంది, ఈసారి పగతో కాకుండా చూస్తుంది. పొయ్యిలన్నీ ఆగ్నేయంలో ఉన్నాయి. ఏడుగుట్టల్లో మంచుగాలి తూర్పునుంచి కొడుతుంది, అక్కడ పొయ్యి పెడితే చలికాలమంతా ఆరిపోతూనే ఉంటుంది, ఆ సంగతి ఆట మొదలుపెట్టిన వారానికే ఎవరికైనా తెలిసిపోతుంది. తెలిసీ పెట్టాడు. నైరుతిలో బరువైన గాదెలు. ఈశాన్యంలో బావి, దాని పక్కన రాయి కూడా లేదు. చలికి సగం మంది వణికి చస్తున్నా వాస్తు మాత్రం తప్పలేదు మహానుభావుడు. ఆమెకు నవ్వు రాబోయి ఆగిపోతుంది.

"ఆల్ల పెద్ద ఏం పని జేస్తడు?" అని అడుగుతుంది మెల్లగా.

రంజిత్ మొహం విప్పారుతుంది, ఈ ప్రశ్న కోసమే ఇంతసేపూ చలిలో కూర్చున్నట్టుగా. "ఇండ్లు గడ్తడు," అంటాడు, అని మళ్లీ తుమ్ముతాడు, ఆ తుమ్ముకు స్లాబు, ఏరు, గుట్ట అన్నీ కదిలిపోతాయి.

మెలకువ వచ్చేసరికి కిటికీలో తెల్లవారి ఉంది. రంజిత్ గదిలోంచి మౌస్ నొక్కుతున్న చప్పుడు, ఒకటి, చాలాసేపటికి ఇంకొకటి. వాడు పోయాక కనకయ్య తాపీ ముట్టలేదు. పొద్దున్నే లేచి ఆ గదిలో కూర్చుంటాడు. కొడుకు ఫొటోలు చూసుకుంటున్నాడని అనుకొని స్రవంతి ఎన్నడూ తొంగి చూడలేదు. ఇన్ని నెలల్లో తండ్రీకూతుళ్ల మధ్య "తిన్నవా" అన్న మాట దాటి ఇంకో మాట లేదు.

తలుపు తోసింది. కనకయ్య కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకొని, తెరకు మొహం ఆనించినంత దగ్గరగా కూర్చొని ఉన్నాడు. ఆమెను చూసి దొరికిపోయినట్టు చేయి వెనక్కి తీసుకున్నాడు. తెర మీద తూర్పు మొహాన ఇళ్లు, చుట్టూ గోడ, తెరిచి ఉన్న మూల, ఆ మూలలోంచి ఏరవతల చిన్నగా ఆమె తెగ నెగడు పొగ.

"నవ్వుతవని చెప్పలె బిడ్డా. దవాఖానల చిన్నోడు నేర్పిండు," అన్నాడు నేల చూపులు చూస్తూ. "నువ్వు పంపిన కబుర్లు చదివిన. జవాబు రాయరాలె."

స్రవంతి వెళ్లి ఆయన కుర్చీ వెనక నిలబడింది. ఇళ్ల సంగతి తెలిసినట్టే గోడ సంగతీ తెలిసిపోయిందనుకుంది.

"ఇండ్లకైతే వాస్తు జూసినవ్. ఊరి గోడకు గూడ వాస్తేనా బాపూ? ఆ మూల గట్ల ఇడిసిపెడితే ఎవలన్న జొరబడరా?"

కనకయ్య వింతగా తలెత్తి చూశాడు.

"గోడకు వాస్తేందే. నేను కడ్తనే అన్న, చిన్నోడే వద్దన్నడు. ఆ దిక్కు అక్క ఉంటది, గోడెందుకన్నడు."