లొరీన్ కంట పడలేదట

బంగాళాదుంపలు మెదుపుతున్న లొరీన్ కాళ్ళకి ఇంకా బూట్లు అలాగే ఉన్నాయి. గుర్రం దిగి అరగంట కూడా కాలేదు. పొద్దున్నే నాలుగింటికి లేచి మాంసం ఓవెన్‌లో పెట్టి, ఐదింటికల్లా గుర్రమెక్కి, నాలుగు వందల కోడెదూడల్ని కొండ మీది పచ్చిక నుంచి కింది దొడ్డిలోకి దింపి వచ్చింది. జూలై నడిమధ్య, దూడల్ని అమ్మకానికి లారీలకెక్కించే రోజు. ఆ రోజు వాటిని అదిలించకూడదు, పరిగెత్తించకూడదు. బెదిరితే పేడ వేసి వేసి తూకం పోగొట్టుకుంటాయి, మూడు నెలల గడ్డి ఒక్క గంటలో నేలపాలవుతుంది. అందుకని ముందు లొరీన్ గుర్రం నడవాలి, వెనక మగవాళ్ళు నోరు మూసుకుని రావాలి. ఏడాది మొత్తంలో వాళ్ళు నోరు మూసుకుని ఆమె వెనక నడిచే రోజు అదొక్కటే. దూడలు దొడ్డిలో పడగానే వాళ్ళంతా తూకం దగ్గర చేతులు కట్టుకుని కబుర్లలో పడ్డారు. ఆమె వంటింట్లోకి పరిగెత్తింది.

ఈ ఫ్లింట్ హిల్స్ గడ్డి కొండల్లో ఈ పనికి కూలి ఇచ్చి మనుషుల్ని పిలవరు. ఇవాళ నీ దూడలకి నేనొస్తాను, ఎల్లుండి నా దూడలకి నువ్వు రావాలి. మధ్యలో పెట్టాల్సింది మధ్యాహ్నం భోజనం ఒక్కటే, అది ఆడవాళ్ళ బాధ్యత. తొమ్మిది మంది చేతులు కడుక్కుని బల్ల చుట్టూ కూర్చున్నారు. పక్క పొలం ముసలాయన హోయ్ట్ మాంసం ముక్క కోసుకుంటూ అడిగాడు.

"ఈ ఏడు ఎన్ని దూడలు పోయాయి, డ్వెయిన్?"

"ఇరవై రెండు," అన్నాడు లొరీన్ మొగుడు, మొహం వేలాడేసుకుని. "ఏం చెప్పను హోయ్ట్? జబ్బు దూడల్ని కనిపెట్టే పని లొరీన్‌ది కదా. ఈసారి ఎందుకో తన కంట పడలేదు."

ఫోర్కుల చప్పుడు ఆగిపోయింది. లొరీన్ గ్రేవీ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. అందరూ ఆమె వైపే చూస్తున్నారు. అందరికంటే ఎక్కువగా బల్ల చివర కూర్చున్న బ్రెన్నా చూస్తోంది. ఆ పిల్లకి పెళ్ళయి రెండేళ్ళు. ఆమె, మొగుడు కోల్ కలిసి ఈ శీతాకాలానికి సొంతంగా దూడల్ని కొందామనుకుంటున్నారు.

"అవునండీ, నేనే చూసుకోలేదు," అంది లొరీన్ నవ్వుతూ. "ముసలిదాన్నైపోయాను, కళ్ళజోడు మార్చాలి." గ్రేవీ గిన్నె హోయ్ట్ చేతికిచ్చింది. అందరూ హమ్మయ్య అన్నట్టు నవ్వి తినడంలో పడ్డారు.

అది పచ్చి అబద్ధం. ఏప్రిల్‌లో ఆ దూడలు పది సంతల నుంచి, మూడు రాష్ట్రాల నుంచి వచ్చాయి. తల్లిని వదిలి వారం కూడా కానివి, ట్రక్కుల్లో నిలబడి నిలబడి కాళ్ళు వణికేవి. ఇలా కొన్న దూడల్ని గడ్డి మీద పెంచి లాభం చూడాలంటే మొదటి నెలే గండం. ఆ నెల దాటితే పచ్చికే వాటిని పెంచుతుంది. దాటకపోతే ఒక్క దూడ పోయినా పక్కనున్న పది దూడల మీద వచ్చే లాభం తుడిచిపెట్టుకుపోతుంది. ఆ నెలంతా రోజూ తెల్లారగానే, మేత వేయకముందే లొరీన్ కంచె పక్కన ఒక్కతే నిలబడేది. కదిలేది కాదు. జబ్బు చేసిన దూడ మనిషి అలికిడి వింటే చాలు, తల ఎత్తి, చెవులు నిక్కించి, తనకేం కాలేదన్నట్టు నిలబడుతుంది. భయపడ్డ ప్రాణి నొప్పిని దాచుకుంటుంది. ఎదుటి మనిషిని మరిచిపోయాక గానీ చెవి వాలదు, తల దిగదు. ఆ మరిచిపోయే దాకా నిలబడే ఓపిక ఆ ఇంట్లో ఆమెకొక్కదానికే ఉంది.

"పదకొండు దూడలకి ఒంట్లో బాలేదు. మిగతా వాటికీ అంటుకుంటుంది. ఇంకో పది రోజులు దొడ్డిలోనే ఉంచుదాం," అంది ఒక పొద్దున డ్వెయిన్‌తో.

అతను మేత ట్రక్కు గడగడలాడించుకుంటూ దొడ్డి పక్కకి వచ్చాడు, హారన్ కొట్టాడు. దూడలన్నీ ఒక్కసారి తలలెత్తాయి. "ఏదీ, చూపించు. ఏ ఒక్కదానికైనా జబ్బున్నట్టుందా? కొండ మీద పాత గడ్డి కాల్చిన చోట అప్పుడే జానెడు చిగురొచ్చింది. రోజుకి రెండు పౌండ్ల బరువు పోగొట్టుకుంటూ ఇక్కడ కూర్చోమంటావా? హోయ్ట్ తన దూడల్ని మొన్ననే పచ్చికలోకి తోలేశాడు." మర్నాడే గేటు తీశాడు. ఆ వారంలో చలి వాన పట్టుకుంది. ఇరవై రెండు పోయాయి. వాటిలో ఆమె చెప్పిన పదకొండూ ఉన్నాయి.

మరి బల్ల దగ్గర ఎందుకు నోరు విప్పలేదు? లొరీన్ తనని తాను చాలాసార్లు అడుగుతూ వచ్చింది. పెళ్ళయిన కొత్తలో అత్తగారు వెల్డా ఈ వంటింట్లోనే చెప్పింది, "పొరుగువాళ్ళు కూర్చున్న బల్ల దగ్గర మొగుడి మాట కొట్టేశావనుకో, మళ్ళీ ఏడు మన దూడలకి ఒక్క గుర్రం రాదు." నిజమేనేమో. అయినా తనకి జంకు తప్ప ఇంకే కారణం లేదని లొరీన్‌కి తెలుసు. ముప్పై ఏళ్ళుగా ఫోన్ తీస్తే "యజమాని ఉన్నారా?" అని అడుగుతారు, "ఉండండి, పిలుస్తాను" అంటుంది. పశువుల డాక్టరు ఆమె చెప్పింది విని, సమాధానం డ్వెయిన్ మొహం చూసి చెప్తాడు. "మా ఆవిడ నాకు సాయం చేస్తుంది" అంటాడు డ్వెయిన్, పనంతా తనొక్కడే చేస్తున్నట్టు. వీటన్నిటికీ కోపం వచ్చేది, కోపాన్ని మోయడం అలవాటే. ఈ అబద్ధానికి మాత్రం కోపం రాలేదు. సిగ్గేసింది. అతను ఆమె మీద నేరం మోపాడు, నిజమే, దాన్ని ఎత్తుకుని తల మీద పెట్టుకున్నది మాత్రం తనే. పైగా నవ్వింది. పైగా అందరూ మళ్ళీ తినడం మొదలుపెట్టగానే హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఆ హాయి గుర్తొస్తే ఒంటరిగా ఉన్నప్పుడు కూడా మెడ దాకా వేడెక్కేది. చర్చిలో ఆడవాళ్ళు భుజం తట్టి "పోనీలే, ఎవరికైనా జరుగుతుంది" అంటే, ఆ ఓదార్పు కూడా తీసుకుంది.

అక్టోబరులో ఒక పొద్దున డ్వెయిన్ కాఫీ తాగుతూ చెప్పాడు. "కోల్ వాళ్ళ కొత్త దూడలు పోతున్నాయట. చచ్చినవాటిని ఈడ్చెయ్యడానికి మన లోడర్ ట్రాక్టరు తెమ్మన్నాడు. వస్తావా?"

వెళ్ళింది. షెడ్డు వెనక పద్నాలుగు దూడలు వరసగా పడి ఉన్నాయి. కోల్ టోపీ చేత్తో పట్టుకుని వాటి చుట్టూ తిరుగుతున్నాడు. మిగిలిన డెబ్భై దొడ్డిలో ఓ మూలకి చేరి ఉన్నాయి. బ్రెన్నా కంచె దగ్గర ఉంది, కళ్ళు వాచిపోయి. లొరీన్ పక్కకెళ్ళి నిలబడింది. ఎలా నిలబడాలో, ఏం చూడాలో పోయిన ఏడాది ఆ పిల్లకి నేర్పింది తనే.

"నేను చూశానండీ," అంది బ్రెన్నా మెల్లగా. "మంగళవారమే చూశాను. ఏడు దూడలకి బాలేదు. కోల్‌కి చెప్తే వచ్చి చూసి, బాగానే ఉన్నాయి పొమ్మన్నాడు. ఇంకోసారి గట్టిగా చెప్దామనుకున్నాను. అప్పుడు మీరు గుర్తొచ్చారు."

"నేనా?"

"మీ అంతటివాళ్ళ కళ్ళే మోసపోయాయి కదా అనుకున్నాను. ఇక నేనెంత? ఊరుకున్నాను."

లొరీన్ కంచె కమ్మీని పట్టుకుంది. తన అబద్ధం తన పరువు తప్ప ఇంకెవరిదీ తినలేదని ఇన్నాళ్ళూ అనుకుంది. అది కూడా తనకి తను చెప్పుకున్న సర్దుబాటే. ఈ పిల్లకున్న మంచి కళ్ళని తనే పొడిచేసింది. తలెత్తి బ్రెన్నా మొహం చూడలేకపోయింది.

డ్వెయిన్ లోడర్ ఆపి దిగి వచ్చాడు. కోల్ వీపు మీద ఒక్కటి చరిచి, వాతావరణం తేలిక చేద్దామన్నట్టు అన్నాడు. "ఏం చేస్తాం కోల్? మన ఇద్దరి ఆడాళ్ళకీ కలిపి ఒకే కళ్ళజోడు కొనిచ్చేద్దాం, వంతులేసుకుని పెట్టుకుంటారు."

బ్రెన్నా నవ్వింది. కళ్ళు అలాగే తడిగా ఉన్నాయి, పెదాలు మాత్రం సాగాయి, భుజాలు కొంచెం ఎగిరాయి. లొరీన్ దాన్ని గుర్తుపట్టింది. అది తన నవ్వే. ముప్పై ఏళ్ళ కింద మొదలుపెట్టిన నవ్వు.

"నాకు కళ్ళజోడు అక్కర్లేదు, డ్వెయిన్," అంది. "ఏప్రిల్‌లో పదకొండు దూడలకి జబ్బుందని నీకు చెప్పాను. పది రోజులు ఆగమన్నాను. నువ్వు హారన్ కొట్టి, మర్నాడే గేటు తీశావు."

"ఇప్పుడా ఇదంతా? ఊరుకో, లొరీన్. వాళ్ళ కష్టంలో వాళ్ళుంటే..."

"వాళ్ళ కష్టం గురించే చెప్తున్నాను. కోల్, నువ్వూ విను. బ్రెన్నా మంగళవారం చూసింది నిజం. నువ్వు చప్పుడు చేసుకుంటూ వెళ్ళావు, అవి దాచుకున్నాయి. ఇప్పుడు మీరిద్దరూ వెళ్ళి ట్రక్కులో కూర్చోండి, ఇంజను ఆపెయ్యండి. ఏవి బయటికి తియ్యాలో ఈ పిల్ల చెప్తుంది. అది చెప్పిన దూడకల్లా మందు వెయ్యాలి, ఎదురు మాట్లాడకుండా."

కోల్ డ్వెయిన్ వైపు చూశాడు. డ్వెయిన్ మొహం ఎర్రబడింది. చివరికి కోల్ టోపీ పెట్టుకుని ట్రక్కు వైపు నడిచాడు. కాసేపటికి డ్వెయిన్ కూడా వెళ్ళాడు. తలుపులు పడ్డాయి. దొడ్డి మెల్లగా సద్దుమణిగింది.

ఇద్దరూ కంచె పక్కన కదలకుండా నిలబడ్డారు. కొంతసేపటికి మూలనున్న ఎర్ర దూడ చెవి వాలింది. "అదొకటి," అంది బ్రెన్నా గుసగుసగా. లొరీన్ తలూపింది. "దాని వెనక తెల్లమొహంది." మళ్ళీ తలూపింది. బ్రెన్నా కళ్ళు దూడల మీంచి తిప్పకుండానే అడిగింది.

"మరి ఆ రోజు అందరి ముందూ మీరే చెప్పారు కదండీ, చూసుకోలేదని. ఎందుకలా అన్నారు?"

లొరీన్‌కి అత్తగారు గుర్తొచ్చింది, పొరుగువాళ్ళ గుర్రాలు గుర్తొచ్చాయి, చెప్పుకోదగ్గ కారణాలు చాలానే నోటి దాకా వచ్చాయి. వాటన్నిటినీ మింగేసి, సిగ్గుతో చచ్చిపోతూ నిజం చెప్పింది.

"భోజనం చల్లారిపోతుందని."