తొమ్మిదో నంబరు గది

కంప్యూటర్ తెర మీద నాలుగు డిగ్రీలని కనిపిస్తూనే ఉంది గానీ, మూడో నంబరు గది తలుపు తీయగానే వేడి ఆవిరి వచ్చి కావ్య ముఖానికి కొట్టింది. లోపల మిరప బస్తాల మీద గోనె కనిపించనంత తెల్లగా బూజు పట్టి ఉంది.

పక్కనే ఉన్న తల్లి సమ్మమ్మ ఒక బస్తాను చేత్తో తడిమి చూసింది. రఘునాథపల్లిలో రెండెకరాలు కౌలుకు పట్టి, ఆమె పండించిన అరవై బస్తాల చపాటా మిరప అది. ధర పెరిగేదాకా ఆగుదామని ఈ కోల్డ్ స్టోరేజీలో దాచింది. నలభై బస్తాలు ఈ గదిలో, మిగతా ఇరవై బస్తాలు తొమ్మిదో నంబరు గదిలో.

"సేటూ, మొన్న ఫోన్ చేస్తే అంతా సల్లగనే ఉన్నదంటివి," అంది. "మరి నా బస్తలకు చెమటెందుకు పట్టింది?"

యజమాని రాజేశ్వర్ రావు అప్పటికే తెల్లబోయి ఉన్నాడు. "నాకేమెరుక సమ్మక్కా. తెర మీద ఇప్పుడు గూడ నాలుగే సూపెడుతాంది."

అతని కొడుకు నిఖిల్ ఆఫీసు గదిలోంచి పరుగున వచ్చాడు. ఆ కంప్యూటర్ చూసుకునేది అతనే. "నాన్నా, మనల్ని హ్యాక్ చేసిండ్రు. బార్డర్ అవతలోళ్ల పని. మూడు, ఐదు, తొమ్మిది గదులు పోయినయ్." కావ్య మిగతా రెండు తలుపులూ తీయమంది. బూజు గాలి పీలిస్తే ఊపిరితిత్తులు పోతాయని అతను అడ్డం నిలబడ్డాడు. ఫిర్యాదు కూడా అతనే టైపు చేశాడు, రాజేశ్వర్ రావు సంతకం పెట్టాడు. సాయంత్రానికి పోలీసులు వచ్చి ఆ మూడు గదులకూ సీలు వేశారు.

మూడో రోజు సైబర్ క్రైమ్ ఎస్సై రమాకాంత్ జరిగింది చెప్పాడు. కంప్రెసర్లు మోగుతూనే ఉన్నాయి, కానీ గదుల్లోకి చల్లదనం పోయే వాల్వులు పదకొండు రోజుల కిందటే మూసుకున్నాయి. ఎవరికీ అనుమానం రాకుండా తెర మీదికి పాత అంకెలే పంపించారు. ఆ ఆదేశాలు పరాయి దేశంలోని సర్వర్ నుంచి వచ్చాయి.

"మరి పట్టుకోండి సార్," అంది కావ్య.

"ఎవన్ని పట్టాలమ్మా? నేనొక లెటర్ రాస్త. అది హైదరాబాద్ పోతది, ఆడికెల్లి ఢిల్లీ, ఆడికెల్లి ఆ దేశం. అసలే బార్డర్ల కాల్పులు నడుస్తున్నయ్. జవాబు వచ్చేసరికి నేను రిటైరై మనుమలను ఆడిపిస్తుంట."

"సర్వర్ ఆ దేశంలో ఉంటే మనిషి గూడ ఆడనే ఉండాల్నా? ఆ సర్వర్‌ను ఎవడైనా కిరాయికి తీసుకోవచ్చు. ఈడ కూసొని చాయ్ తాగుకుంట, ఆ దేశం నుంచి వచ్చినట్టే మీ ఆఫీసుకు మెయిల్ కొట్టమంటరా?"

మడికొండలోని సాఫ్ట్‌వేర్ కంపెనీలో కావ్య చేసే ఉద్యోగమే అది, పరాయివాళ్లు చొరబడకుండా కాపలా కాయడం. ఆమె మాటకు రమాకాంత్ నవ్వలేదు. వాల్వులు నడిపే మిషన్ రాసుకున్న చిట్టా కాపీ ఒకటి ఆమె చేతిలో పెట్టి, "రుజువుంటే తే," అన్నాడు.

ఇన్సూరెన్స్ ఆఫీసర్ అంతకన్నా తొందరగా తేల్చేశాడు. పాలసీ పుస్తకం పంతొమ్మిదో పేజీ తిప్పి చూపించాడు. "శత్రుదేశం దాడి అని మీ సేటే రాసిచ్చిండు. యుద్ధంల పోయినదానికి కంపెనీ కట్టియ్యదు."

"యుద్ధమా?" సమ్మమ్మ కొంగు నడుముకు బిగించింది. "గా యుద్ధం నా మిరపకాయల్ల జరిగిందా సారూ? తుపాకి సప్పుడు గూడ ఇనవడకపాయె."

"రూల్ అట్ల ఉన్నదమ్మా."

"అయితే మా అమ్మకు సిపాయి పింఛనన్నా ఇప్పియ్యుండ్రి," అంది కావ్య. దొంగ దొరకడు, ఎందుకంటే వాడు వేరే దేశంవాడు. పరిహారం రాదు, ఎందుకంటే వాడు వేరే దేశంవాడు. ఒక్క మాట అడ్డం పెట్టుకుని అందరూ చేతులు దులుపుకుంటున్నారు, తల్లి ఏడాది కష్టం మాత్రం కుళ్లిపోతోంది.

ఆ కోపంతోనే మర్నాడు చిట్టాను వరసగా చదివింది. మూడో గది వాల్వు మూయమని ఆదేశం: మూసుకుంది. ఐదో గది: మూసుకుంది. తొమ్మిదో గది: అలాంటి గది లేదని మిషన్ జవాబు.

కావ్య మళ్లీ చదివింది. లేకపోవడమేమిటి? తల్లి బస్తాలు ఆ గదిలోనే కదా ఉన్నాయి. రమాకాంత్‌నూ తల్లినీ వెంటబెట్టుకుని గోదాముకు వెళ్లి తలుపులు లెక్కపెట్టింది. ఎనిమిదే. ఏడో నంబరు పక్కన తొమ్మిది అని రాసి ఉంది.

"ఎనిమిది శని అంకె బిడ్డా," అన్నాడు రాజేశ్వర్ రావు. "సిద్ధాంతి వద్దన్నడు. తలుపు మీద, మా ఆఫీసు తెర మీద తొమ్మిదని మార్పిచ్చిన. లోపలి మిషన్ బిగించినోళ్లు మాత్రం ఎనిమిదనే పెట్టి పోయిండ్రు."

"విన్నరా సార్? బయటి నుంచి మిషన్‌లకు దూరినోనికి ఒకటి నుంచి ఎనిమిదే కనవడుతయి. ఈ ఆఫీసుల కూసున్నోడే తొమ్మిదంటడు." కావ్య నిఖిల్ వైపు తిరిగింది. "తలుపు తీయకముందే తొమ్మిదో గది పాడైందని ఫిర్యాదుల ఎట్ల రాసినవ్?"

నిఖిల్ పెదవులు తడుపుకున్నాడు. "అంటే... అంచనాకు రాసిన."

రమాకాంత్ సీలు తీయించాడు. తలుపు తెరుచుకోగానే చల్లటి గాలి ఒంటికి తగిలింది. బస్తాలు పొడిగా, శుభ్రంగా ఉన్నాయి. సమ్మమ్మ తన పేరున్న బస్తా కుట్టు కొడవలితో కోసి, దోసిలి నిండా తీసింది. చపాటా అంటే టమాటాలా గుండ్రంగా, ఎర్రగా ఉండే కాయ. ఆమె దోసిట్లో ఉన్నవి పొడుగ్గా, తెల్లగా పాలిపోయిన తాలు కాయలు.

"ఇది నా కాయ గాదు," అంది. ఇంకో బస్తా కోసింది. అదీ తాలే. ఆ తాలును తెచ్చి నిఖిల్ కాళ్ల ముందు కుమ్మరించింది. "నాది ఏడున్నది పిలగా?"

రాజేశ్వర్ రావు కొడుకు చెంప మీద బలంగా కొట్టాడు. "అడుగుతాంది గదరా. చెప్పు."

నిఖిల్ చెంప పట్టుకుని నేల చూపులు చూశాడు.

"అమ్మేసిన పెద్దమ్మా. మూడు గదులల్ల ఉన్న చపాటా అంతా నేనే అమ్మిన, నాన్నకు తెల్వది. ఆన్‌లైన్ ట్రేడింగ్‌ల మునిగిన. అప్పటికి తాలు నింపి, ధర దిగినంక కొని మళ్ల పెడుదామనుకున్న. ధర దిగలే, డబుల్ అయింది. మీరందరు బస్తలకోసం వస్తమని ఫోన్లు చేసుడు షురూ చేసిండ్రు. మురిగిపోతే లోపల ఏమున్నదో ఎవరు చూస్తరు? పరాయి దేశపోడు చేసిండంటే పోలీసులు ఆడిదాక పోరు, ఇన్సూరెన్స్ మీకు పైసలిస్తది, ఎవ్వలికీ నష్టం లేదనుకున్న. యుద్ధమంటే పైస రాదని ఆ పేజీ నేను చదవలే. సర్వర్‌కు కిరాయి నెలకు నాలుగు వందలు పెద్దమ్మా, గంతే. గా నాలుగు వందలతోటి నీ బస్తలు కుళ్లబెట్టి, తప్పు ఓ దేశం మీదికి నూకిన."