నాలుక కింద కరిగే మందు

తన భర్త ప్రభాకర్‌ను పనిలోంచి తీసేశారని సునంద చెప్పగానే డాక్టర్ లక్ష్మీప్రసన్న స్టెతస్కోపు తీసి బల్ల మీద పెట్టేసింది. బయట రోగులు కూర్చుని ఉన్నారు. అయినా తలుపు దగ్గరకు వేసి, "కూర్చోమ్మా, ఏం జరిగింది?" అని అడిగింది.

అంతకు ముందు జరిగిందంతా ఆమెకు తెలుసు. ప్రభాకర్ బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో డ్రమ్ములు ఎక్కించే పని చేసేవాడు. ఒకసారి డ్రమ్ము జారి నడుము పట్టేసింది. సెలవు అడిగితే కాంట్రాక్టు సూపర్‌వైజర్ జైపాల్ నవ్వి, జేబులోంచి నొప్పి గోలీల పట్టీ తీసిచ్చాడు. వేసుకుంటే నొప్పి పోయింది, ఒంట్లోకి హుషారొచ్చింది. డబుల్ డ్యూటీలు కూడా చేశాడు. నడుము బాగైంది కానీ గోలీ వదల్లేదు. అది అందని రోజు ముక్కు కారేది, కాళ్లు పీకేవి, కడుపులో దేవేది. అది నల్లమందు జాతి గోలీ అని అతనికి ఎవరూ చెప్పలేదు.

సునంద అన్న వెంకటేశం అతన్ని తీసుకెళ్లి అలవాటు మాన్పించే కేంద్రంలో పడేశాడు. అక్కడ వైద్యం లేదు, గదికి తాళం మాత్రం ఉంది. బయటికొచ్చాక ప్రభాకర్ పాత లెక్కనే గోలీలు మింగి, ఊపిరాడక పెదాలు నీలంగా మారి పడిపోయాడు. అలవాటు తప్పిన ఒంటికి పాత మోతాదే ప్రాణం తీస్తుందని ఆ తాళం వేసినవాళ్లు ఒక్కమాట చెప్పి పంపలేదు. ఆస్పత్రివాళ్లు ఎలాగో బతికించారు. చుట్టాలంతా సిగ్గులేనోడన్నారు.

ఇది సిగ్గు సంగతి కాదు, జబ్బు అన్నది లక్ష్మీప్రసన్న ఒక్కతే. అమీన్‌పూర్ రోడ్డులో జ్వరాలు, బీపీలు, పిల్లల టీకాలు చూసుకునే మామూలు డాక్టరు ఆమె. ఇలాంటివాళ్లు తన దగ్గరకే ఎక్కువగా వస్తుండటం చూసి పెద్దాస్పత్రిలో శిక్షణ తీసుకుంది. గోలీల మీద యావ తగ్గించే బ్యూప్రినార్ఫిన్ అనే మాత్రను తన క్లినిక్‌లోనే ఇవ్వడానికి ఆఫీసుల చుట్టూ తిరిగి అనుమతి తెచ్చుకుంది. పాత గోలీ ఒంట్లో ఉండగా ఇది వేస్తే తిరగబడుతుందని, ప్రభాకర్‌ను పాత గోలీ మానేసి, ఒణుకు మొదలయ్యాకే రమ్మంది. మాత్ర నాలుక కింద పెట్టించి బెంచీ మీద కూర్చోబెట్టింది. అది కరిగిన కాసేపటికి ఒణుకు సర్దుకుంది. "మేడం, ఆకలైతుంది" అన్నాడతను. సునంద కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

తర్వాత అతను కోలుకున్నాడు, పనిలోకీ వెళ్లాడు. ఇప్పుడిలా అయింది.

"కంపెనీల హెల్త్ చెకప్ వెట్టిన్రు మేడం. ఏం మందులు వాడుతున్నవని అడిగితే ఈయన దాచలే, ఉన్నదున్నట్టు జెప్పిండు. తెల్లారి గేటు కాడనే ఆపిన్రు. డ్రగ్స్ తీస్కునేటోడు మాకొద్దన్నరంట."

మర్నాడు లక్ష్మీప్రసన్న భార్యాభర్తలిద్దరినీ వెంటబెట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్లింది. హెచ్ఆర్ మేనేజర్ హరినాథ్ ఆమెకు మాత్రమే కుర్చీ చూపించాడు.

"మీ నాన్నగారూ మా నాన్నగారూ ఒకే ప్లాంటులో చేశారండీ. ఇలాంటివాళ్ల కోసం మీరు రావడమేంటి?"

"ఇలాంటివాళ్లంటే?" ఆమె కూర్చోలేదు.

"ఒక మత్తు మాని ఇంకో మత్తు పట్టినవాళ్లు. మాకు సేఫ్టీ ముఖ్యం."

"మీ సూపర్‌వైజరిచ్చిన గోలీలు మింగి తూలుతూ డబుల్ డ్యూటీలు చేసినప్పుడు సేఫ్టీ గుర్తు రాలేదా? వైద్యం చేయించుకుని నిటారుగా నిలబడ్డాక గుర్తొచ్చిందా? ఇది మత్తు కాదు, చికిత్స. మీ డాక్టరుతోనే పరీక్ష చేయించండి. పనికి తగడని ఆయనంటే నేనే తీసుకెళ్తాను."

"పాలసీ ఒప్పుకోదండీ."

సునంద ముందుకొచ్చింది. "అలవాటు జేసిన జైపాలు లోపల్నే ఉన్నడు సారూ. బాగైనోనికి గేటు మూసిన్రు. ఇదేం న్యాయం?"

"జైపాల్ కాంట్రాక్టరు మనిషమ్మా. మాకు సంబంధం లేదు."

అప్పటిదాకా గోడ పక్కన నిలబడ్డ ప్రభాకర్ నెమ్మదిగా అడిగాడు. "అబద్ధం జెప్పుంటే ఇయ్యాల డ్యూటీల ఉంటుంటి. అంతేనా సార్?"

హరినాథ్ ఫోన్ అందుకుని ఎవరితోనో మాట్లాడటం మొదలుపెట్టాడు.

కార్మిక శాఖకు వాళ్లిచ్చిన ఫిర్యాదు ఇంకా తేలలేదు. ప్రభాకర్ సుల్తాన్‌పూర్‌లో ఒక ప్యాకింగ్ యూనిట్‌లో తక్కువ జీతానికి కుదిరాడు. మాత్ర మానలేదు. జైపాల్‌ను కంపెనీలో ఎవరూ ఏమీ అనలేదు, వేరే యూనిట్‌కు పంపారంతే. అక్కడ మాత్రం డ్రమ్ములు లేవా, నడుములు లేవా అని లక్ష్మీప్రసన్న మనసు రగిలిపోయింది.

సునంద ఊరుకోలేదు. షిఫ్టు వదిలే వేళ కంపెనీ బస్సులు ఆగేచోట నిలబడి, జైపాల్ పేరుపెట్టి జరిగిందంతా చెప్పింది. "గోలీలకు అలవాటైనోళ్లు సిగ్గుపడకుండ్రి, దవాఖానకు పోండ్రి" అంది. కొందరు మొహం తిప్పుకున్నారు.

ఆ వారమే ఇద్దరు క్లినిక్‌కి వచ్చారు, యూనిఫాం చొక్కాలు విప్పి సంచీలో దాచుకుని. "కంపెనీకి తెల్వదు గద మేడం?" అని అడిగాడొకడు. వైద్యం కోసం మనిషి దొంగలా రావాల్సి వచ్చిందని ఆమెకు ఒళ్లు మండింది.

"నా నోటినుంచి తెలియదు" అని తలుపు వేసి, అతని చెయ్యి పట్టుకుని నాడి చూసింది.