ప్రూట్ మేడమ్ నేర్పిన నిశ్శబ్దం

మా పెళ్లయి మూడు వారాలైంది. మా ఇంట్లో ఇప్పుడు పెళ్లికానుకలుగా వచ్చిన రెండు వాఫిల్ మిషన్లు, బోలెడు కప్పులు, ఒక భర్త ఉన్నారు. భర్త పేరు టక్కర్. ఇళ్లకు గ్యారేజీ తలుపులు బిగిస్తాడు. పొద్దున్నే తలుపు సందులోంచి తల పెట్టి, "శ్రీమతి లిండ్‌క్విస్ట్ గారూ, కాఫీ పుచ్చుకుంటారా?" అంటాడు. రోజంతా టొలీడో ఊరందరికీ కాఫీ పోసేది నేనే. అయినా ఆ ఒక్క కప్పు కోసం పరుపు మీద గంతులేస్తాను.

నాకు మాట, వినికిడి లోపాల శాస్త్రంలో డిగ్రీ ఉంది. నత్తి ఎందుకొస్తుందో, నాలుక ఎక్కడ తగిలితే ఏ శబ్దం పుడుతుందో నాలుగేళ్లు చదివాను. కానీ ఆ చదువుతో ఎవరి నత్తీ సరిచేయకూడదు. స్పీచ్ థెరపిస్టు కావాలంటే ఇంకో రెండేళ్లు మాస్టర్స్ చదవాలి. ఈ ముక్క మా యూనివర్సిటీ రంగుల ప్రచార పుస్తకంలో లేదని అనను. చెట్టు కింద కూర్చుని నవ్వుతున్న అమ్మాయి బొమ్మ అడుగున, గడ్డిలో కలిసిపోయేంత చిన్న అక్షరాల్లో ఉంది.

అందుకని నేను కార్లు కిటికీ దగ్గర ఆగి కాఫీ తీసుకుపోయే దుకాణంలో, చెవికి హెడ్‌సెట్ తగిలించుకుని పనిచేస్తున్నాను. గంటకు పదహారు డాలర్లు. చదువు అప్పు ముప్పై ఒక్క వేలు. మా పెళ్లికి అందరికన్నా ముందు స్పందించింది లోను కంపెనీయే. ఇకమీదట టక్కర్ సంపాదన కూడా కలిపి లెక్కగట్టి, నెల కిస్తీ పెంచుతామని తెలియజేసింది.

"చూశావా, నీకన్నా ముందు వాళ్లే నన్ను కుటుంబంలో కలుపుకున్నారు," అన్నాడు టక్కర్.

మాస్టర్స్‌కు నిరుడు దరఖాస్తు చేస్తే సీటు రాలేదు. ఈసారి మా శాఖాధిపతి గ్వెండొలిన్ ప్రూట్ మేడమ్ సిఫారసు ఉత్తరం ఇస్తే వచ్చే ఆశ ఉంది. సోమవారం ఆఖరు తేదీ. భయపడుతూనే ఫోన్ చేశాను.

"ఓ, మారిబెత్! తప్పకుండా రాస్తానమ్మా," అన్నారు మేడమ్. "శనివారం కొత్త విద్యార్థులకు పరిచయ సభ ఉంది. నువ్వొచ్చి రెండు ముక్కలు మాట్లాడు. మన పట్టభద్రుల్లో నూటికి తొంభై మంది సంభాషణ రంగంలోనే స్థిరపడ్డారు తెలుసా? అందులో నువ్వూ ఉన్నావు."

"మేడమ్, నేను కాఫీ..."

"జనంతో మాట్లాడతావు కదా?"

"మాట్లాడతాను."

"వాళ్లు చెప్పేది వింటావు కదా?"

"ఇంజను చప్పుడులో కూడా వింటాను."

"మరింకేం! సభ కాగానే ఉత్తరం రాసేస్తాను."

శనివారం టక్కర్ కూడా వచ్చాడు. నా మీద ప్రేమతో కొంత, బిస్కెట్లు ఉచితమని కొంత. తలుపు దగ్గర మా ఇద్దరికీ చెరో గుడ్డ సంచీ ఇచ్చారు. మెడలో నాకొక బిళ్ల వేశారు. దాని మీద "మారిబెత్ లిండ్‌క్విస్ట్, సంభాషణ నిపుణురాలు" అని ఉంది. కొత్త ఇంటిపేరు అచ్చులో చూసుకోవడం అదే మొదటిసారి. సంతోషం పట్టలేక టక్కర్ చెయ్యి గిల్లాను.

"నిపుణురాలు గారూ, నొప్పి," అన్నాడు నోటినిండా బిస్కెట్‌తో.

మేడమ్ నన్ను వేదిక మీద తన పక్కనే కూర్చోబెట్టుకున్నారు. తొంభై శాతం గురించి చెప్పారు. కొత్త ప్రయోగశాల గురించి చెప్పారు. నా వైపు చెయ్యి చాపి, "ఈ అమ్మాయి రోజుకు వందల మందితో సంభాషిస్తుంది," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. టక్కర్ ఈల వేశాడు.

అప్పుడు మూడో వరసలో ఒకావిడ లేచింది. పేరు వాండా అట. ఆసుపత్రి క్యాంటీన్‌లో వంట చేస్తుందట. పక్కన పదిహేడేళ్ల కూతురు సిగ్గుతో కుర్చీలో కిందికి జారిపోతోంది.

"అమ్మాయ్, సాగదీయకుండా సూటిగా అడుగుతా. ఈ నాలుగేళ్లూ అయ్యాక మా అమ్మాయి చిన్నపిల్లలకు మాటలు నేర్పే డాక్టరమ్మ అయిపోతుందా? అప్పు కాగితం మీద నేను కూడా సంతకం పెట్టాలంటున్నారు."

"అమ్మా, ప్లీజ్ కూర్చో," అంది కూతురు.

"కూర్చుంటే చెబుతారా?"

మేడమ్ చిరునవ్వుతో నా వైపు తిరిగారు. "ఇది మారిబెతే చెబితే బాగుంటుంది. అవకాశాలు ఎన్నో ఉంటాయి కదా, మారిబెత్?"

అవునంటే ఉత్తరం నాది. వాండా సంతకం పెడుతుంది. కాదంటే సోమవారం వచ్చి వెళ్లిపోతుంది, నేను కిటికీ దగ్గరే ఉండిపోతాను.

మాకు మొదటి ఏడాది మేడమ్ నేర్పిన పాఠం ఒకటుంది. మాట తడబడే పిల్లాణ్ణి ప్రశ్న అడిగాక, మనం నోరు మూసుకోవాలి. సాయం చేస్తున్నామనుకుని మాట అందించకూడదు. ఆసక్తిగా మొహంలోకి చూస్తూ ఆగాలి. అడిగినవాళ్లు ఆగితే, చెప్పాల్సినవాళ్లు చెప్తారు.

నేను మేడమ్ వైపు తిరిగాను. "మేడమ్, నాలుగేళ్ల డిగ్రీతోనే స్పీచ్ థెరపిస్టు అవుతారా?"

అడిగి, ఆగాను.

మేడమ్ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ మాట అందించలేదు. మేడమ్ కాగితాలు సర్దారు. మంచినీళ్లు తాగారు. నేను ఆవిడ నేర్పినట్టే కొద్దిగా ముందుకు వంగి, కళ్లలో ప్రోత్సాహం నింపుకుని కూర్చున్నాను. హాలంతా బిస్కెట్ నమలడం మానేసింది, టక్కర్ తప్ప. ఆవిడకు నేనేం చేస్తున్నానో అర్థమైంది. చెవులు ఎర్రబడ్డాయి.

"కారు," అన్నారు చివరికి. "ఇంకో రెండేళ్లు చదవాలి. ఆ సీట్లు తక్కువ. అప్పు... ఇంకా పెరుగుతుంది."

"అదీ మాట," అని వాండా కూర్చుంది. కూతురు మాత్రం కుర్చీలోంచి పైకి లేచి, ఆ సీట్లు ఎలా వస్తాయని అడిగింది. మేడమ్ ఈసారి తడబడకుండా చెప్పారు. బాగా చెప్పారు కూడా.

సభ అయ్యాక మెట్ల దగ్గర ఆవిడ నన్ను పట్టుకున్నారు. "నా పాఠం నా మీదే ప్రయోగిస్తావా?"

నేను ఏమీ అనలేదు.

"చాలు తల్లీ, ఆపు ఆ మౌనం! ఉత్తరం రాస్తాను. మాట రప్పించడంలో సమర్థురాలని రాస్తాను. వచ్చే ఏడు సభకు మాత్రం పిలవను."

కారెక్కాక టక్కర్ తన సంచీ తెరిచాడు. దాన్నిండా బిస్కెట్లే. నాకొకటి ఇచ్చి, "సీటొస్తే చేరతావా? ఇంకో రెండేళ్ల అప్పు," అన్నాడు.

అని, ఆగాడు. ఇంజను కూడా స్టార్ట్ చేయలేదు. కొద్దిగా ముందుకు వంగి, కళ్లలో ప్రోత్సాహం నింపుకుని, గడ్డం మీద పొడి రాలుతున్నా తుడుచుకోకుండా చూస్తూ కూర్చున్నాడు.

దొంగ. వేదిక ముందు కూర్చుని బిస్కెట్లు తింటూనే పాఠమంతా నేర్చేసుకున్నాడు.

"చేరతాను," అన్నాను.