మూడో కొటేషన్

"కాస్త కాళ్ళు పైకెత్తండి అత్తయ్యా" అని రోజూ పొద్దున ఊడుస్తూ అనే మాటే ఆదివారమూ అన్నాను. అత్తయ్య ఎత్తారు. పక్కనే కూర్చున్న మా ఆయన చెప్పకుండానే ఎత్తేశారు. ఆ ఒక్క పనిలో మాత్రం ఆయన మహా చురుకు.

ఆఫీసులో ఆయనది కొనుగోళ్ళ సెక్షను. మూడు షాపుల ధరల కొటేషన్లు పోల్చి చూడనిదే గుండుసూది కూడా కొననివ్వరు. ఇంట్లోనూ అదే తంతు. నేను నోరు తెరిచి వాక్యూమ్ క్లీనర్ అడిగింది నడుము నొప్పి వల్లే కాదు. కళ్ళద్దాల షాపులో ఉద్యోగం వచ్చింది. పెళ్ళికి ముందు చేసిన పనే, లెన్సులు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం. సోమవారం షాపు తీసే వేళకి రమ్మన్నారు. "ముందు ఇంటి సంగతి చూడు. మెషీన్ వస్తే పొద్దునపూట నీకు ఖాళీ దొరుకుతుంది, అప్పుడు వెళ్దువుగానిలే" అన్నారాయన. అంటే నా ఉద్యోగం కాస్తా మెషీన్ కొనడం మీద ఆధారపడింది.

తెలిసిన షాపతను రెండు మెషీన్లు వాడి చూడమని పంపాడు. ఎర్రది ఖరీదు, బూడిదరంగుది చవక. ఆయన తివాచీ మీద సుద్దముక్కతో గీతలు గీసి మూడు పట్టీలు చేశారు. మూడింటి మీదా గోధుమపిండి, పెన్సిల్ చెక్కిన పొట్టు, నా దువ్వెనలోంచి లాగిన వెంట్రుకలు చల్లారు. నా వెంట్రుకలు! మాటవరసకైనా అడగలేదు.

"రెండు మెషీన్లకి మూడు పట్టీలెందుకండీ?"

"మూడో కొటేషన్ నువ్వేగా! చీపురు తెచ్చుకో. పోల్చి చూడకుండా ఎలా కొంటాం?"

నవ్వులాటకే అనుకున్నాను. ఎర్రది పిండిని బాగానే లాగింది, వెంట్రుకలు బ్రష్‌కి చుట్టుకునేసరికి గీ అని మొరాయించింది. బూడిదరంగుది వెంట్రుకలు ఎత్తింది కానీ పిండిని తివాచీకి పులిమింది. ఆ రెండింటినీ తోసింది కూడా నేనేనని ఎవరికీ తట్టలేదు. తర్వాత నా వంతు. అక్కడే నా బుద్ధి గడ్డి తింది. పైపైన ఊడ్చి ఊరుకుంటే ఏం పోయేది? ఊహూఁ, చెయ్యి ఊరుకోలేదు. చీపురు ఏటవాలుగా పట్టుకుని పిండి ఆనవాలు లేకుండా ఊడ్చాను. మోకాళ్ళ మీద కూర్చుని, వేళ్ళు తడిచేసుకుని ఒక్కో వెంట్రుకా ఏరాను. గెలవాలనిపించింది, చీపురుతో! "మా కోడలి చెయ్యి పడితే ఇంక తిరుగేముంది" అని అత్తయ్య మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను. అది తలుచుకుంటేనే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది.

"చూశావా, నువ్వే ఫస్టు! కరెంటక్కర్లేదు, చప్పుడుండదు, రిపేరు రాదు. రెండూ వెనక్కిచ్చేద్దాం. ఆ కళ్ళద్దాలాయనకి రావట్లేదని చెప్పెయ్, పాపం, ఎదురుచూస్తుంటాడు" అన్నారాయన.

పాపమట! వంటింట్లోకి వెళ్ళాను, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను, కిటికీ తీశాను, వేశాను, కాలు ఒకచోట నిలవలేదు. రిపేరు రాదట. పొద్దున గోడ పట్టుకుని మంచం దిగుతుంటే ఈయన కంట పడలేదా? పడే ఉంటాను, కాఫీ ఆలస్యమైనప్పుడు. "ఇంట్లో కూర్చుని ఏం చేస్తావ్ రోజంతా?" అని మొన్నటిదాకా అన్న నోరే కదా ఇది. ఏమీ చెయ్యనిదాన్ని రెండు మెషీన్లని ఎలా ఓడించానో మరి! ఓడించినందుకు దక్కింది మళ్ళీ ఆ చీపురే. ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమొచ్చింది. కళ్ళద్దాల షాపుకి ఫోన్ చేశాను.

"చెప్పేశావా?" అన్నారు ముందుగదిలోంచి.

"చెప్పేశాను."

సోమవారం పొద్దున చీర మార్చుకుని, బ్యాగు తగిలించుకుని వచ్చేసరికి తివాచీ మీద సుద్దగీతలు అలాగే ఉన్నాయి. వాటి పక్కన ఇంకో గీత గీసి గుప్పెడు పిండి చల్లాను.

"ఏంటిది? ఎక్కడికి?"

"షాపుకండీ. వస్తున్నానని నిన్ననే చెప్పేశాను. మీ కొటేషన్ ఒక్కటే మిగిలిపోయింది" అని చీపురు ఆయన చేతిలో పెట్టాను.

దాన్ని గొడుగులా పట్టుకుని అటూ ఇటూ చూశారు. "చెత్త ఎత్తే చేట ఎక్కడుంటుంది?" అన్నారు. ఆయన పుట్టిందీ పెరిగిందీ ఈ ఇంట్లోనే.

"వెతుక్కోండి" అని చెప్పులేసుకున్నాను. తలుపు దగ్గరికి వేస్తూ వెనక్కి చూస్తే, అత్తయ్య అప్పటికే కాళ్ళు పైకెత్తి కూర్చున్నారు, కొడుకు ఊడ్వడం కోసం.